బల్ల ఎవరిది?

1963 మే 4, శనివారం. వైశాఖం ఎండలు. సికింద్రాబాదులో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు అని ఒకటి ఉండేది. ఆ రోజు అందులో ఒక బల్ల చుట్టూ ఐదుగురు కూర్చుని పేకాడుతున్నారు. పదమూడు ముక్కలాట, రమ్మీ. బల్ల నడుమ మూసిన కట్ట, దాని పక్కన వెల్లకిలా పడి ఉన్న ముక్క, కాస్త డబ్బు. పందెం సొమ్ము పట్టుకునే మనిషి దగ్గర ఇంకొంత.

తలుపు దగ్గర అలికిడి. ఖాకీ బట్టలు.

అలాంటి క్షణంలో పేకాట బల్ల దగ్గర ఏమవుతుందో ఆడినవాళ్లకు తెలుసు. ఒకరి చెయ్యి ముక్క దింపబోతూ గాల్లోనే నిలిచిపోతుంది. మరొకరు విసనకర్రలా పరిచి పట్టుకున్న పేకల్ని గబుక్కున ఛాతీకి ఆనించుకుంటారు, పోలీసులు చూసినా ఫరవాలేదు కానీ పక్కవాడు చూడకూడదన్నట్టు. షో కొట్టడానికి ఒక్క ముక్క తక్కువైన మనిషి కళ్లు కట్ట మీదే ఉండిపోతాయి.

అది జూదశాల అని పోలీసులకు కబురందింది. సోదా చేశారు, డబ్బు స్వాధీనం చేసుకున్నారు, కేసు పెట్టారు. జూదశాల నడిపినందుకు ఒక సెక్షను, అందులో ఆడుతూ దొరికినందుకు మరొక సెక్షను. రెండూ హైదరాబాదు గ్యాంబ్లింగ్ చట్టంలోవి. పాత నిజాం రాజ్యంలో 1305 ఫసలీలో చేసిన చట్టమది. మన లెక్కలో 1895-96 ప్రాంతం, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలన. రాజ్యం పోయింది, భాషా రాష్ట్రం వచ్చింది. చట్టం మాత్రం అలాగే నిలిచింది.

బల్ల దగ్గర పట్టుబడ్డ ఆ ఐదుగురూ మహా అయితే జరిమానా గురించి, ఇంట్లో చెప్పాల్సిన సంజాయిషీ గురించి ఆలోచించి ఉంటారు. తమ చేతిలోని ముక్కల మీద సుప్రీంకోర్టు తీర్పు చెబుతుందని, అరవై ఏళ్ల తర్వాత కోట్లాది ఫోన్లలో నడిచే ఆటలకు ఆ తీర్పే అండ అవుతుందని ఎవరు ఊహించగలరు?

మూసీ ఒడ్డున

మేజిస్ట్రేటు వాళ్లను దోషులన్నారు. సెషన్స్ జడ్జికి అది సబబుగా తోచలేదు. శిక్ష రద్దు చేయడం మంచిదంటూ కేసును హైకోర్టుకు నివేదించారు. అలా సికింద్రాబాదు బల్ల మీది పేకాట హుస్సేన్‌సాగర్ దాటి, నయాపూల్ దాటి పాతబస్తీకి వచ్చింది.

మదీనా చౌరస్తా వైపు వెళుతూ మూసీ దాటగానే కనిపించే ఎర్రరాతి భవనమే మన హైకోర్టు. విన్సెంట్ ఈష్ రూపకల్పన. 1920 ఏప్రిల్‌లో ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించాడు. గుమ్మటాల కింద, తోరణాల కింద భూముల తగాదాలు, హత్య కేసులు, వారసత్వాల గొడవలు నడిచిన ఆ గదుల్లో ఈసారి ఒక ఆట విచారణకు వచ్చింది. రమ్మీ నేర్పా, అదృష్టమా? నిజాం చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. కేవలం నేర్పుతో ఆడే ఆటలకు ఆ చట్టం వర్తించదు. కేసంతా ఆ ఒక్క ముడి దగ్గరికి వచ్చి ఆగింది.

ఒక చేతి ఆటను దగ్గరగా చూద్దాం. కలిపి, కోసి, పంచారు. పదమూడు ముక్కలు వచ్చాయి. అందులో మీ ప్రమేయం లేదు, అదంతా రాత. ఆ తర్వాతి నుంచి ఆట మీ తలలోకి వస్తుంది. ఎడమవైపు కూర్చున్నతను ఇస్పేటు తొమ్మిది ఎత్తుకున్నాడు. అంటే అతనికి ఎనిమిదో, పదో కావాలేమో. మీ చేతిలో ఇస్పేటు పది ఉంది, మీకు అది దండగ. అయినా దింపరు. దింపితే అతని వరస నిండొచ్చు. ఆ పనికిరాని ముక్కను పట్టుకుని కూర్చున్నందుకు మీ పాయింట్లు పెరుగుతాయి. ఆ నష్టానికీ, అతను షో కొడితే వచ్చే నష్టానికీ మధ్య తూకం వేస్తారు. పడిపోయిన ఆసులెన్ని, ఇంకా కట్టలో మిగిలినవెన్ని, ఎవరు ఏది వదిలారు, ఎందుకు వదిలారు. ఈ లెక్క వచ్చినవాడు తక్కువ ఆటల్లో ఓడతాడు, రానివాడు ఎక్కువ ఆటల్లో.

హైకోర్టు ఆ ఐదుగురినీ విడుదల చేసింది. రాష్ట్ర ప్రభుత్వం ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఢిల్లీ చెప్పిన రెండు మాటలు

1967 నవంబరు 22, బుధవారం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ కేసులో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు చెప్పారు.

మొదటి మాట. మూడు ముక్కలాటలాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు. పడ్డ ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, వరసలు కట్టాలి. పేక కలిపి పంచే ప్రతి ఆటలోనూ కొంత అదృష్టం ఉంటుంది, బ్రిడ్జిలోనూ ఉంటుంది. రమ్మీలో మాత్రం నేర్పుదే పైచెయ్యి. ఈ మాటను దేశమంతా విన్నది. న్యాయ కళాశాలల్లో విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటున్నారు.

అదే తీర్పులో రెండో మాట కూడా ఉంది. ఆట నేర్పుదైనా సరే, పందెం కాసి ఆడే ఆ ఆట మీద ఇంటి యజమానిగానీ క్లబ్బుగానీ లాభం తీస్తున్నట్టు రుజువైతే నేరం నిలుస్తుంది. ఈ ఒక్క సంగతి తేల్చడానికే కోర్టు క్లబ్బు చిల్లర లెక్కల్లోకి దిగింది. పేకలకు రుసుము తీసుకోవడం తప్పా అని అడుగుతూ, బిలియర్డ్స్‌కీ టెన్నిస్‌కీ పింగ్‌పాంగ్‌కీ తీసుకుంటారు కదా, మితిమీరనంతవరకు అది లాభం కిందికి రాదు అంది. వేళ దాటి కూర్చున్నవాళ్ల దగ్గర తీసుకునే ఆలస్యపు రుసుము మాటేమిటి అంటే, అంతవరకు కాచుకుని ఉన్న క్లబ్బు నౌకర్లకు ఓవర్‌టైమ్ ఇవ్వాలి కదా అంది.

నాకు ఆ తీర్పులో ఎక్కువగా గుండెకు తగిలింది ఈ నౌకరు ప్రస్తావనే. మంచినీళ్లు అందించి, పొద్దుపోయేదాకా మేలుకుని, అందరూ వెళ్లాక దీపాలు ఆర్పే ఆ మనిషి కూలిని కూడా లెక్కలోకి తీసుకుని, దానికి మించి ఆ బల్ల ఏమైనా మిగుల్చుకుంటోందా అని దేశపు అత్యున్నత న్యాయస్థానం ఆరా తీసింది. మిగుల్చుకుంటోందని రుజువు కాలేదు కాబట్టే ముద్దాయిలకు విముక్తి దొరికింది.

ఆట ఏమిటి అన్నది మొదటి ప్రశ్న. బల్ల ఎవరిది అన్నది రెండో ప్రశ్న. ఆ తర్వాత మన దేశంలో మొదటి ప్రశ్నకు రెక్కలొచ్చాయి. రెండోది దుమ్ము కొట్టుకుపోయింది.

రెక్కలొచ్చిన మాట

1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది, నిజాం నాటి మినహాయింపు అందులోనూ చోటు చేసుకుంది. 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రపు పందేలనూ నేర్పు కిందికే చేర్చింది. ఆరో నిజాం 1886లో మలక్‌పేటకు తెచ్చిన రేసుల సంప్రదాయం మన నగరానికి ఉంది కాబట్టి ఆ తీర్పు ఇక్కడ సొంత ఇంటి వార్తలాగే వినిపించింది. తర్వాత ఇంటర్నెట్టు వచ్చింది. రమ్మీ బల్ల తెర మీదికెక్కింది. 2017లో ఫాంటసీ క్రికెట్టు కూడా నేర్పేనని పంజాబ్-హర్యానా హైకోర్టు అంది. వాదనలు జరిగిన ప్రతిచోటా సికింద్రాబాదు కేసు పేరు వినిపించింది.

తెలంగాణ మాత్రం ఎదురు నడిచింది. 2017 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీకి తలుపు మూసింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టింది. తలుపు మూశారు సరే, కిటికీ తెరుచుకుంది. ఫోను ఎక్కడుందో మరో ఊరుగా చూపించే యాప్‌లు వచ్చాయి. హైదరాబాదులో కూర్చున్నవాడు ఫోనుకు మాత్రం బెంగళూరులో ఉంటాడు.

మూడు రంగులు

2020 ఆగస్టు. కరోనా కాలం. లాడ్ బజార్ గాజుల మీద వెలుగు పడడం లేదు, పత్తర్‌గట్టీ బట్టల కొట్లలో బేరాలు లేవు. పనిలేని చేతుల్లో ఫోన్లున్నాయి.

నగరంలో ఇద్దరు సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికి వెళ్లి తాము ఆన్‌లైన్ ఆటలో డబ్బు పోగొట్టుకున్నామని ఫిర్యాదు చేశారు. ఒకరు లక్షకు దగ్గరగా, మరొకరు లక్షన్నర దాటి. ఆట పేరు కలర్ ప్రిడిక్షన్. అంటే రంగు జోస్యం.

ఇలాంటి ఆటలు ఎలా ఉంటాయంటే, తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, ఊదా మీటలుంటాయి. పైన గడియారం వెనక్కి నడుస్తుంటుంది. ఏ రంగు వస్తుందో చెప్పాలి. వంద పెడతావు, వస్తే దాదాపు రెట్టింపు. చివరి క్షణాల్లో మీటలు పనిచేయవు. అప్పుడిక చూడడం తప్ప చేసేదేమీ లేదు. గడియారం సున్నాకు చేరుతుంది, రంగు వెలుగుతుంది, వెంటనే మళ్లీ మొదలు. మన జాతరల్లో గుడ్డ పరిచి ‘కాయ్ రాజా కాయ్’ అని అరిచేవాడు ఇదే ఆట ఆడించేవాడు. అతని గుడ్డ మన కళ్లముందు ఉండేది. మోసం చేస్తే కాలర్ పట్టుకునే వీలుండేది.

రంగుల ఆటలో గుడ్డ పరిచినవాడు కనబడడు. ఈ బల్ల దగ్గరికి ఎవరు పడితే వాళ్లు రాలేరని పోలీసుల దర్యాప్తులో తేలింది. టెలిగ్రామ్ గ్రూపుల్లో ఉన్నవాళ్లు పరిచయం చేస్తేనే ప్రవేశం. తెచ్చినవాళ్లకు కమీషన్. అంటే పక్కింటివాడే పక్కింటివాడిని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. మన బస్తీల్లో నమ్మకం అనేది గల్లీ నుంచి గల్లీకి, దోస్తు నుంచి దోస్తుకు నడుస్తుంది. ఆ దారినే ఈ ఆట నడిచింది.

అప్పటి నగర పోలీసు కమిషనర్ అంజనీ కుమార్ వివరాలు వెల్లడించినప్పుడు ఊరు నివ్వెరపోయింది. ఒక చైనా జాతీయుడు, ముగ్గురు భారతీయులు అరెస్టయ్యారు. లావాదేవీలు దాదాపు 1,100 కోట్ల రూపాయలు. బ్యాంకుల్లో నిలిపివేయగలిగింది సుమారు 30 కోట్లు. హైదరాబాదు ఎఫ్ఐఆర్ ఆధారంగా ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ రంగంలోకి దిగి ఆ నెలాఖరుకు ఢిల్లీ, గుర్గావ్, ముంబయి, పుణెల్లో 15 చోట్ల సోదాలు చేసింది. నాలుగు బ్యాంకు ఖాతాల్లో 46.96 కోట్లు స్తంభింపజేసింది.

ఆ రెండు ఫిర్యాదుల పక్కన ఈ అంకెల్ని పెట్టి చూస్తే కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టవుతుంది. పోయిన లక్ష ఎవరి జేబులోకి పోయిందో ఆ ఇద్దరికీ తెలియదు. ఎదుట ఆడినవాడు ఎవడో తెలియదు. అసలు ఎదుట ఆడినవాడు ఉన్నాడో లేడో తెలియదు.

పది రూపాయల బల్ల

రంగుల ఆటను మోసమని ఎవరైనా అంటారు. దాని తర్వాత వచ్చింది మర్యాదగా ఉంది. దాని పేరు ఒపీనియన్ ట్రేడింగ్. అభిప్రాయాల వ్యాపారం.

హాకీ ఇండియా లీగ్ తీసుకుందాం. 2025 ఫిబ్రవరి 1, రూర్కెలాలో ఫైనల్. మన హైదరాబాద్ తుఫాన్స్, బెంగాల్ టైగర్స్. హాకీకి మన ఊళ్లో క్రికెట్టంత జనం లేరు. ఫైనల్ ఆడుతున్నారని కూడా చాలామందికి తెలియదు. అలాంటి ఆట మీద ఈ బల్ల వేస్తే ఎలా ఉంటుంది? ‘తుఫాన్స్ గెలుస్తుందా?’ అని ప్రశ్న. జవాబులు రెండే, అవును, కాదు. రెండింటి ధర కలిపితే పది రూపాయలు. మీరు ‘అవును’ను 6 రూపాయలకు కొంటే, ఎక్కడో ఎవరో ‘కాదు’ను 4కు కొన్నారన్నమాట. గోలు పడితే 6 కాస్తా 8 అవుతుంది, అప్పుడే అమ్ముకోవచ్చు. గోలు తింటే 3కు పడిపోతుంది. ఆట ముగిశాక నిజమైన జవాబుకు పది, రెండోదానికి సున్నా. ఆ సాయంత్రం మనవాళ్లు 4-3తో ఓడారు. ఒక్క గోలు తేడా. ‘అవును’ పట్టుకున్నవాళ్ల ఆరు రూపాయలు సున్నా అయ్యేవి. ఎవరు గెలిచినా ఎవరు ఓడినా ప్రతి చేతిమార్పిడిలోనూ బల్లవాడికి రుసుము పడుతుంది.

ఈ ఆలోచన పుట్టినచోటు మంచిదే. 1988లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం అధ్యాపకులు అధ్యక్ష ఎన్నిక మీద చిన్న బజారు తెరిచారు. జనం తమ డబ్బు పెట్టి చెప్పే జోస్యం సర్వేల కంటే నిజానికి దగ్గరగా ఉంటుందా అన్నది పరిశోధన. ఒక్కొక్కరు పెట్టగలిగేది 500 డాలర్లకు మించకూడదు. ఆ బల్ల విశ్వవిద్యాలయానిది. దానికి లాభం అక్కర్లేదు, లెక్కలు కావాలి. ఇప్పుడు అదే ఆలోచన కాల్షి, పాలీమార్కెట్ అనే పెద్ద కంపెనీలైంది. 2025 అక్టోబరులో అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగైన ఎన్‌హెచ్ఎల్ ఆ రెండింటితో ఒప్పందాలు చేసుకుంది.

మన దేశంలో గురుగ్రామ్ కేంద్రంగా నడిచిన ప్రోబో లాంటివి ఈ పది రూపాయల బల్ల పరిచాయి. చూడడానికి స్టాక్ మార్కెట్టులా ఉంటుంది. గీతలు, ధరలు, లాభనష్టాలు. 2025 ఏప్రిల్ 29న స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ, ఇవి తన పరిధిలోకి రావని, పెట్టుబడిదారులకు ఉండే రక్షణలేవీ ఇక్కడ ఉండవని హెచ్చరించాల్సి వచ్చింది.

షా అలీ బండ, రాత్రి తొమ్మిదింటికి

2025 ఆగస్టు చివరి వారం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం అప్పుడే వచ్చింది. షా అలీ బండలో ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాను. బయట ఒకవైపు వినాయక మండపాలు లేస్తున్నాయి, మరోవైపు మీలాద్ జెండాలు కడుతున్నారు. నా ఎదుట బల్ల మీద ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటూ ఒక కుర్రాడు. లాల్ దర్వాజా వాడు, మెకానిక్ షాపులో పని. గోళ్ల సందుల్లో గ్రీజు. రెండో చేత్తో ఫోను. ఆగకుండా ఒకే మీట నొక్కుతున్నాడు.

“ఏమైంది తమ్మీ?” అన్నాను.

“పైసలు వాపస్ తీస్తున్న అన్నా. బందైంది గద.”

“ఏ ఆట?”

“ఆట కాదన్నా, ట్రేడింగ్.”

ఆ మాట అనడంలో అతని గొంతులో ఒక గౌరవం ఉంది. జూదమాడే కొడుకు తల్లి ముఖం చూడలేడు. ట్రేడింగ్ చేసే కొడుకు చూడగలడు. మన పాత బుకీల భాషలో ఖాయీ, లగాయీ అని ఉండేవి. గెలుస్తుందని కాస్తే లగాయీ, గెలవదని కాస్తే ఖాయీ. అవునూ కాదూ అంటే అదే. ఆ మాట పలికినవాడు చీకటి సందులో, గొంతు తగ్గించి పలికేవాడు. కొత్త మాట వెలుతురులో నిలబడి పలకొచ్చు.

ఏయే మ్యాచ్‌ల మీద పెట్టేవాడివని అడిగాను.

“చిన్న మ్యాచ్‌లే అన్నా. పెద్ద మ్యాచ్ అందరికీ ఎర్కే. ఎవ్వడు సూడని మ్యాచ్ల మనం రాత్రంత మేల్కొని జర సదువుకుంటే మనదే పైచెయ్యి. ఏడనో విదేశంల ఆడపిల్లల టీ20, అసుంటివి.”

నిజానికి ఆ తర్కంలో తెలివి ఉంది. ప్రపంచమంతటా చిన్న లీగుల మీద డబ్బు పెట్టేవాళ్లు చెప్పే మాట అదే. జనం చూడనిచోట ధర తప్పుగా ఉంటుంది, ఆ తప్పును పట్టుకున్నవాడు గెలుస్తాడు. పగలంతా ఇంజన్లు విప్పి, రాత్రి మూడింటిదాకా ఎరగని ఊళ్ల జట్ల పాత స్కోర్లు చదివాడీ పిల్లవాడు. అది సోమరితనం కాదు. అంత శ్రద్ధ ఏ పాలిటెక్నిక్ పరీక్షకు పెట్టినా పాసయ్యేవాడు.

“మొత్తం మీద వచ్చాయా, పోయాయా?”

బిస్కెట్టు చాయ్‌లో విరిగి అడుగుకు పోయింది. చెంచా కోసం చూస్తూ అన్నాడు. “పోయినయ్. పోయినకాడ్నే రాబట్టుకోవాలని ఇంకిన్ని పోయినయ్.”

గల్లా దగ్గర కూర్చున్న హోటల్ సేటు మా మాటలు వింటున్నాడు. లేచి వచ్చి, గుడ్డతో మా బల్ల తుడుస్తూ అన్నాడు: “నా దగ్గర గంట కూచో, రెండు గంటలు కూచో, చాయ్ పైసలే తీస్కుంటా భాయ్. ఆ ఫోన్ల కూచోనీకి ఎంత తీస్కున్నరో ఎప్పుడన్న లెక్క చూసినవా?”

కుర్రాడు చూడలేదు. రుసుము ఎంత కోసుకున్నారో ఎప్పుడూ కూడి చూడలేదు. గెలిచినప్పుడు చిన్నదిగా కనిపించింది, ఓడినప్పుడు దాని మీదికి దృష్టే పోలేదు.

జస్టిస్ హిదాయతుల్లా తీర్పు ఆ సేటు చదివి ఉండడు. తీర్పులోని రెండో ప్రశ్నను మాత్రం అచ్చం అలాగే అడిగాడు.

ఎవరూ చూడని ఆట

చిన్న ఆటే మేలు అన్న ఆ పిల్లవాడికి నేను మోలిపూర్ సంగతి చెప్పాను. గుజరాత్‌లో మెహసానా జిల్లా పల్లె. 2022 జూలైలో పోలీసులు అక్కడొక పొలానికి వెళితే ఐపీఎల్ నడుస్తోంది. పొలం చదును చేసి, హాలోజన్ దీపాలు పెట్టి, కెమెరాలు బిగించి, ఊరి కూలీలకూ పనిలేని కుర్రాళ్లకూ జట్ల చొక్కాలు తొడిగారు. మ్యాచ్‌కు 400 రూపాయలు. ప్రేక్షకుల కేకలు ఇంటర్నెట్టు నుంచి దింపుకున్నవి. హర్షా భోగ్లేలా గొంతు మార్చి వ్యాఖ్యానం చెప్పేవాడొకడు. రష్యాలో త్వేర్, వొరోనెజ్, మాస్కోల్లో కూర్చున్నవాళ్లు దాన్ని నిజమైన లీగనుకుని పందేలు కాశారు. టెలిగ్రామ్‌లో ఆదేశం వస్తే అంపైరు వాకీటాకీ ద్వారా బౌలరుకూ బ్యాట్స్‌మన్‌కూ చెప్పేవాడు. సిక్సు కావాలంటే సిక్సు, వికెట్టు కావాలంటే వికెట్టు. పోలీసులు వచ్చేసరికి క్వార్టర్ ఫైనల్స్ దాకా వచ్చేశారు.

రష్యాలో ఆ రాత్రి ఎవరో మన లాల్ దర్వాజా కుర్రాడిలాగే మేలుకుని, ఆ కూలీల పాత స్కోర్లు శ్రద్ధగా చదివి ఉంటాడు. ఎవరూ చూడని ఆటలో నీకు తెలియనిది ఏదో ఒకటి ఇంకొకరికి తెలిసే ఉంటుంది. ఆటగాడికి తెలుస్తుంది, అంపైరుకు తెలుస్తుంది, బల్ల పరిచినవాడికి తెలుస్తుంది. పెద్ద ఆటలో ఒక ఆటగాణ్ని కొనాలంటే కోట్లు కావాలి. చిన్న లీగుల్లో జీతం అందక, బస్సు ప్రయాణాల్లో నలిగే కుర్రాళ్లుంటారు. వాళ్లకు గాలం వేయడం తేలిక. అందుకే చిన్న ఆటల మీద పెద్ద డబ్బు పడితే మొదట చెడేది ఆటే. రమ్మీలో కనీసం ముక్కలు మన చేతిలో ఉంటాయి. ఇక్కడ ఆడేది వేరొకరు. మన నేర్పు వాళ్ల మణికట్టులోకి ఎక్కదు.

మన సభాపర్వం ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. ధర్మరాజు జూదంలో ఓడాడని అందరూ చెప్పుకుంటారు. ఎక్కడ ఆడాడో గుర్తుంచుకోవాలి. హస్తినలో ఆ ఆట కోసమే కట్టించిన సభలో ఆడాడు. పందెం కాసింది దుర్యోధనుడు, పాచికలు వేసింది శకుని. ఒకరి బదులు ఇంకొకరు ఆడడమేమిటని ధర్మరాజు అడిగాడు కూడా. అడిగి, కూర్చున్నాడు. కురుక్షేత్రం దాకా దారి అక్కడే పడింది.

రెండో మాటకు రోజొచ్చింది

2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం చేశారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నేర్పుదైనా, అదృష్టానిదైనా, రెండూ కలిసినదైనా నిషేధమే. ఆడించేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవాడిని నేరస్థుడిగా చూడకుండా, బల్ల పరిచినవాడినే పట్టుకుంది ఈ చట్టం. ప్రోబోతో సహా పెద్ద పెద్ద యాప్‌లన్నీ డబ్బు ఆటలు ఆపేశాయి.

ఏళ్లుగా నడుస్తూ వచ్చిన నేర్పు-అదృష్టం వాదాన్ని ఒక్క వాక్యంతో పక్కన పెట్టేసింది పార్లమెంటు. ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోని రెండో ప్రశ్ననే అది అడిగింది. క్లబ్బు నౌకరు ఓవర్‌టైమ్ దాకా లెక్క చూసిన కోర్టు కన్ను, 1,100 కోట్ల బల్లల మీద పడడానికి ఇంతకాలం పట్టింది.

అయినా చట్టంతో అంతా తీరిపోతుందని నేను నమ్మను. 2017లో తలుపు మూసినప్పుడు కిటికీ తెరుచుకుంది. దేశంలో తలుపు మూస్తే విదేశీ సైటు కిటికీ అవుతుంది. దాన్ని మూయగలిగింది ఇంట్లోవాళ్లే. కొడుకు రాత్రి మూడింటిదాకా మేలుకుంటే, జూదమాడుతున్నావా అని అడిగితే లాభం లేదు. కాదంటాడు, వాడి మట్టుకు అది నిజం కూడా. పక్కన కూర్చుని వేరే ప్రశ్న అడగాలి. బిడ్డా, ఈ బల్ల ఎవరిది? నువ్వు గెలిచినా ఓడినా రోజూ మిగుల్చుకుంటున్నది ఎవరు? ఆ సేటు అడిగినప్పుడు లాల్ దర్వాజా కుర్రాడు ఫోను పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాడు. అప్పటిదాకా అతన్ని ఎవరూ ఆ మాట అడగలేదు.

నయాపూల్ మీదుగా తిరిగి వస్తూ చీకట్లో హైకోర్టు గుమ్మటాలను చూశాను. ఆ ఐదుగురి ఆట గుర్తొచ్చింది. ఆ శనివారం అది సగంలో ఆగిపోయింది. కట్టలో ఆ తర్వాతి ముక్క ఏదో ఎవరూ తిప్పి చూసి ఉండరు. అది పూర్తయి ఉంటే ఒకరు గెలిచేవారు, మిగతావాళ్లు ఓడేవారు. సొమ్ము ఆ బల్ల చుట్టూనే ఒక జేబు నుంచి ఇంకో జేబుకు మారేది. క్లబ్బు మెట్లు దిగేటప్పుడు, గెలిచినవాడు ఓడినవాడి ముఖం చూడాల్సి వచ్చేది.